ముఖం మీదికి రాని నవ్వు

యజమాని వచ్చి పక్కన నిలబడేసరికి ఆమె ఒక కేకు మీద ఎవరో పాప పేరు రాస్తోంది. క్రీము కోను మునుపటిలా పిడికిట్లో ఇమడకపోతుంటే, రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కుతోంది. పేరు చివర సున్నా చుట్టేదాకా ఆయన ఆగాడు. అంతవరకూ మర్యాదస్తుడే.

తండ్రి పోయాక దుకాణం చేతికొచ్చిన కుర్రవాడు. అందరిలాగే ఆమెను రాతక్కా అని పిలుస్తాడు. అక్కడ కేకుల మీద పేర్లు రాసేదీ, గాజు అరల వెనక నిలబడి వచ్చినవాళ్ళకి కావలసింది తీసిచ్చేదీ ఆమే. ఆయన గొంతు తగ్గించి, కౌంటరు మీద ఫిర్యాదులు వస్తున్నాయని చెప్పాడు. ఏం అడిగినా ముఖం గంటు పెట్టుకుని ఇస్తోందట. నిన్న ఒకావిడ, మేమేం అడుక్కోవడానికి వచ్చామా అని కూడా అడిగి వెళ్ళిందట.

ఆ ఒకావిడ ఎవరో ఆమెకి గుర్తుంది. పసిపిల్లని చంకనేసుకుని వచ్చింది. ఆ పిల్ల గాజుకి నాలిక ఆనించి, అటువైపున్న కేకు రుచి ఎందుకు తగలడం లేదా అని తెల్లమొహం వేసింది. అది చూసి ఆమెకి కడుపులోంచి నవ్వు పొంగుకొచ్చింది.

"నేను నవ్వాను బాబూ" అంది.

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు.

"మరి కనపడలేదే అక్కా" అన్నాడు.

అందులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకి. రేపటినుంచి లోపల చలి గదిలో సరుకు సర్దే పని చూసుకోమని, అక్కడ ఎవరితోనూ మాట్లాడాల్సిన పని ఉండదు కాబట్టి హాయిగా ఉంటుందని చెప్పి, మేలు చేసినవాడిలా వెళ్ళిపోయాడు.

చలి గది తలుపు బరువైంది. లోపల ఇనప అరల నిండా కేకులు, క్రీము డబ్బాలు, వెన్న దిమ్మలు. బయట కౌంటరులో ఏది అయిపోతే అది ట్రేలో పెట్టి అందించాలి. స్వెట్టరు వేసుకోవడంతో ఒళ్ళు ఓర్చుకుంది గానీ వేళ్ళు ఓర్చుకోలేదు. మొదటి ట్రే బయటికి తెచ్చేసరికే చూపుడువేలూ మధ్యవేలూ కణుపులదాకా తెల్లబడ్డాయి. కొవ్వొత్తి తెలుపు. ఎవరివో వేళ్ళు తెచ్చి తన చేతికి తగిలించినట్టున్నాయి. కాసేపటికి నీలం తిరిగాయి. పొయ్యి దగ్గరికెళ్ళి కాచుకుంటే కందిపోయి, సూదులతో పొడిచినట్టు మంట.

చన్నీళ్ళలో గిన్నెలు తోమినప్పుడు ఇలా అవడం ఆమెకి కొత్త కాదు. రక్తం తక్కువన్నారు, ఆకుకూరలు తినమన్నారు, తింది. ఉంగరం బిగుసుకుపోయి సబ్బు రాసి తీసేసిన రోజున ఒళ్ళు చేస్తున్నానేమో అనుకుంది. బట్టలు మాత్రం వదులవుతున్నాయి. రొట్టె ముక్క గొంతులో అడ్డం పడి నీళ్ళతో దింపుకోవలసి వస్తోంది. పడుకుంటే పుల్లగా పైకి తంతోంది. ఒక్కోదానికీ ఒక్కో కారణం చెప్పుకుంటూ వచ్చింది. ఇవన్నీ ఒకే ఇంటివని అనుకోలేదు.

పొయ్యి దగ్గర పనిచేసే ముసలాయన్ని దుకాణంలో అందరూ పొయ్యి బాబాయి అంటారు. ఆయన ఆమె వేళ్ళు చూసి, ఏమ్మా, సున్నం తొట్లో చెయ్యి పెట్టావా అని అడిగాడు. ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. తన మాట ఆమెకి కోపం తెప్పించిందనుకుని, పారతో రొట్టెలు లాగుతూ అటు తిరిగాడు.

ఇంటి ముందు గదే భర్త దుకాణం. ఫొటోలకి ఫ్రేములు కడతాడు. అతనికి పుట్టుకనుంచీ వినపడదు. ఆమె గుమ్మంలో స్విచ్చి వేసి ఆర్పితే, దీపం అదిరినప్పుడు అతను తలెత్తుతాడు. ఆ సాయంత్రమూ ఎత్తాడు. చూసి, మళ్ళీ గాజు కోసుకుంటూ కూర్చున్నాడు.

ఒకప్పుడు అలా కాదు. ఆమె రాగానే చేతిలో పని పక్కన పడేసి, దుకాణంలో ఆ రోజు జరిగినవన్నీ చెప్పించుకునేవాడు. ఎవరు ఏ పేరు తప్పు రాయించుకున్నారో, పెళ్ళిరోజు కేకు మీద ఏ మొగుడు పెళ్ళాం పేరుకి బదులు ఎవరి పేరు చెప్పి నాలిక్కరుచుకున్నాడో, ఆమె చేతులతో, కళ్ళతో, బుగ్గలతో ఆడి చూపించేది. అతను తొడలు చరుచుకుని నవ్వేవాడు. ఆమెకి అతను పెట్టుకున్న పేరే బుగ్గ మీద చూపుడువేలు పెట్టి తిప్పడం. సొట్టబుగ్గ అని.

ఈ మధ్య అతను ఆ పేరుతో పిలవడం మానేశాడు. భుజం మీద తడతాడు, అంతే.

ఆమె వంటింట్లోంచి వచ్చి, తిన్నావా అని అడిగింది. అతను గడ్డం కింద చెయ్యి ఆడించి లేదన్నాడు. ఆ లేదనడంలో కాస్త విసురుంది. బీరువా తాళంచెవి ఇవ్వమని అడిగింది. తాళం తిప్పినట్టు రెండు వేళ్ళు పట్టి తిప్పబోతే వేళ్ళు వంగక, తిప్పడం కాస్తా కొయ్యడమైంది. అతను లేచి కత్తి తెచ్చి ఇచ్చాడు. చేతిలో కత్తి, ఎదురుగా బీరువా. దీన్ని ఏం కొయ్యమంటావు అన్నట్టు ఆమె అతని వైపు చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. అతనూ నవ్వబోయాడు. పెదవి చివర మొదలైంది కూడా. ఆమె ముఖం చూశాడు. ఆ మొదలైంది అక్కడే ఆగిపోయింది. కత్తి తీసుకెళ్ళి దాని చోట పెట్టి, తాళంచెవి తెచ్చి బల్ల మీద ఉంచి, గాజు ముందు కూర్చున్నాడు.

వెనకనుంచి అతని మెడ కనిపిస్తోంది. రంపపు పొట్టు అంటుకుని ఉంది. ఆమెకి వెళ్ళి దులపాలనిపించింది. దులిపితే ఏమనుకుంటాడో. ఒకే ఇంట్లో ఉంటూ మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఉంటుందని ఆమెకి అంతకుముందు తెలియదు.

మర్నాడు చలి గదిలో ట్రే చేతిలోంచి జారింది. పడ్డ కేకు కన్నా, చూపుడువేలి కొసన చిట్లినచోటు ఆమెని ఎక్కువ కంగారు పెట్టింది. ఎన్నాళ్ళనుంచో మానని చిన్న పుండు అది. అంచులు గట్టిగా, నడుమ పసుపుగా ఉంది. నెత్తురు కూడా రావడం లేదు. కేకు తుడవడానికి వచ్చిన బాబాయి ఆ వేలు పట్టుకుని చూసి, ముందు రోజు ముభావమంతా మరిచిపోయి, ఇంక ఒక్క ట్రే ముట్టుకున్నావంటే ఊరుకోనన్నాడు. పెద్దాసుపత్రిలో కీళ్ళ జబ్బులు చూసే డాక్టరమ్మ ఉందని, తన కోడలు మోకాళ్ళకి చూపించుకుందని, మొగుణ్ణి వెంటబెట్టుకుని పొద్దున్నే పొమ్మన్నాడు.

మొగుణ్ణి పిలవకూడదనే అనుకుంది. కానీ వేలికి చుట్టిన గుడ్డ అతనే చూశాడు. విప్పించి, పుండు చూసి, దుకాణం తలుపు మూసి తాళం వేశాడు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. అతను కిటికీలోంచి బయటికి చూశాడు, ఆమె తన ఒళ్ళోని చేతుల్ని చూసుకుంది.

డాక్టరమ్మ ఆమె కూర్చున్నప్పటినుంచీ ముఖాన్నే చూస్తోంది. అందరూ చూసే చూపు కాదది. చెయ్యి చాపమంది. వేళ్ళ మీద చర్మాన్ని చిటికెతో పైకి లాగి చూసింది, లేవలేదు. నమస్కారం పెట్టమంది, అరచేతుల మధ్య సందు మిగిలింది. పిడికిలి బిగించమంది, వేలికొసలు అరచేతిని అందుకోలేదు. నోరు తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పెట్టుకోమంది, రెండు మాత్రమే పట్టాయి. గోరు మొదట్లో నూనె బొట్టు వేసి చిన్న భూతద్దంతో చూసి, సన్నని రక్తనాళాలు కొన్నిచోట్ల ఉబ్బి, కొన్నిచోట్ల అసలు లేకుండా పోయాయంది. చలికి వేళ్ళు తెల్లబడడం ముందా, ఉబ్బడం ముందా అని అడిగింది. మింగడం గురించీ, మెట్లెక్కితే వచ్చే ఆయాసం గురించీ అడిగింది. మెట్ల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వయసనుకుంది.

ఆ రోజూ మర్నాడూ పరీక్షలతోనే సరిపోయింది. రక్తం తీసుకున్నారు. ఒక గొట్టంలోకి ఊపిరి బలంగా ఊదమంటే పెదవులు దాని చుట్టూ సరిగ్గా మూసుకోక గాలి పక్కనుంచి పోయింది. ఆ పరీక్ష చేసే అమ్మాయి విసుక్కోకుండా సన్నగొట్టం తెచ్చి మళ్ళీ ఊదించింది. ఛాతీకి స్కాను, గుండెకి స్కాను, మూత్ర పరీక్ష. అన్నిటికీ అతను బయట బల్ల మీద కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాడు. ఆమె బయటికి రాగానే సంచి అందుకునేవాడు.

మూడో రోజు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. అతనికి వినపడదని తెలిసి, చేతి భాష తెలిసినవాళ్ళని ఎవరినైనా పిలిపించనా అని అడిగింది. అక్కర్లేదు, నేనే చెప్తానంది ఆమె. తన జబ్బు సంగతి తన మొగుడికి మధ్యలో ఇంకొకరెందుకు చెప్పాలి.

డాక్టరమ్మ నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పింది. జబ్బు పేరు సిస్టమిక్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడవలసిన శక్తే ఒంటి మీదికి తిరిగి, చర్మంలోనూ లోపలి అవయవాల్లోనూ నారలాంటిది పోగుచేసి బిగించేస్తుంది. రక్తనాళాలు ముడుచుకుపోతాయి. అంటువ్యాధి కాదు. ఎవరు చేసిన తప్పు వల్లా రాదు.

ఆమె ఒక్కో ముక్కా చేతుల్లోకి మార్చింది. బిగించడం అనడానికి పిడికిలి కావాలి. పిడికిలి రాలేదు. సగం ముడిచిన చేతిని అలాగే చూపించింది, అది మాట కంటే ఎక్కువే చెప్పింది. అతను ముందుకు వంగి చూస్తున్నాడు.

"ముఖంలో కూడా అంతేనమ్మా" అంది డాక్టరమ్మ. "చర్మం బిగుసుకుంది కదా, నుదురు ముడవడం, కనుబొమలు లేవడం తగ్గిపోతుంది. మీకు లోపల నవ్వొస్తుంది. అది ముఖం మీదికి రాదు. చూసేవాళ్ళు కోపంగా ఉన్నారనుకుంటారు. ఎవరైనా అలా అన్నారా?"

ఈ మాటని చేతుల్లోకి మార్చడం ఆమె మరిచిపోయింది. పసిపిల్ల, పొయ్యి బాబాయి, బీరువా ముందు కత్తి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. తిన్నావా అని ఆమె అడిగినప్పుడల్లా అతనికి ఏం కనిపించి ఉంటుందో అప్పుడర్థమైంది. వాళ్ళ భాషలో ప్రశ్న చేతుల్లో ఉండదు, కనుబొమల్లో ఉంటుంది. కనుబొమలు లేవకపోతే అది అడగడం కాదు. నువ్వు తిన్నావు అని నేరం మోపడం. తాళంచెవి ఇవ్వు అని హుకుం. ఇన్నాళ్ళనుంచీ ఆ ఇంట్లో అతను ప్రశ్నన్నది చూడలేదు.

అతను ఆమె మోకాలి మీద తట్టాడు. ఏమంటోంది అన్నాడు.

"ముఖం బిగుసుకుంది" అని చేత్తో చెప్పింది. "నవ్వు వస్తుంది. పైకి రాదు. నేను నవ్వుతూనే ఉన్నాను. రోజూ. నీకు కనపడలేదు."

అతను మళ్ళీ చెప్పమన్నాడు. వేళ్ళు తప్పు చెబుతున్నాయేమో, కత్తీ తాళంచెవీ తారుమారైనట్టు ఇదీ అయిందేమోనని, ఆమె రెండు మణికట్లూ పట్టుకుని ఆగి, వదిలి, మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పింది.

"కోపం లేదు?" అన్నాడు. ఛాతీ మీద గోళ్ళతో గీకి, చెయ్యి విదిల్చి.

"ఎప్పుడూ లేదు."

"నా మీద విసుగు లేదు? ఈ చెవిటివాణ్ణి ఎందుకు కట్టుకున్నానా అని?"

ఆమె అతని చేతి మీద గట్టిగా ఒక్కటి వేసింది. చిట్లిన వేలు భగ్గుమంది.

అప్పుడతను నవ్వాడు. అతని నవ్వు అతనికి వినపడదు కనుక దానికి హద్దు లేదు. బొంగురుగా, పెద్దగా, గది గోడలకి కొట్టుకుని వసారాలోకి పోయింది. మందులగది ముందు వరసలో నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. ఇంత పెద్ద జబ్బుందని చెప్పిన మరుక్షణం అలా నవ్విన మనిషిని డాక్టరమ్మ చూసి ఉండదు. కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. అతను నవ్వుతూనే ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు ఊగుతూనే ఉన్నాయి. ఎక్కడ నవ్వు ఆగి ఏడుపు మొదలైందో ఆమెకి కూడా తెలియలేదు.

మిగిలింది కూడా చెప్పవలసే ఉంది. ఊపిరితిత్తుల అడుగున జబ్బు కాస్త మొదలైంది. తొందరగానే దొరికింది కాబట్టి దాన్ని ఆపడానికి మాత్రలు మొదలుపెట్టాలి, అవి వాడుతున్నంతకాలం రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. రక్తనాళాలు తెరుచుకోవడానికి ఒక మాత్ర, పులుపు పైకి రాకుండా ఒకటి. చలి తగలనివ్వకూడదు, చేతులకే కాదు, ఒళ్ళంతటికీ. రోజూ ఇంట్లో బీపీ చూసుకోవాలి. అది ఒక్కసారిగా పెరిగినా, తలనొప్పి వచ్చి చూపు మసకబారినా ఆ పూటే రావాలి, కిడ్నీలకి ప్రమాదం. ఎవరో చెప్పారని స్టెరాయిడ్లూ నొప్పిమాత్రలూ మింగకూడదు. ఈ జబ్బు పోతుందా అని ఆమె అడిగింది. పోదు, అదుపులో ఉంచుతాం, మీరూ నేనూ చాలాకాలం చూసుకుంటూ ఉండాలి అంది డాక్టరమ్మ.

ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి అతని చేతులు ఒళ్ళో పడిపోయాయి. అయినా చూపు మాత్రం ఆమె ముఖం మీదనుంచి తియ్యలేదు. బస్సులోనూ అంతే. కిటికీ పక్కన ఆమె కూర్చుంది. బయట చూడడానికి ఎంతో ఉంది, ఒక్కటీ చూడలేదతను.

ఆ వారంలోనే వాళ్ళు భాషకి కొంత మరమ్మతు చేసుకున్నారు. ప్రశ్నయితే చివర అరచెయ్యి వెల్లకిలా తిప్పాలి. పిడికిలి కావలసిన మాటలకి చాచిన చెయ్యి చాలు. తాళంచెవి అంటే బీరువాని చూపించడమే. ఇద్దరూ ఒక పోట్లాట కూడా పడ్డారు, నిన్న అనడానికి అతను కనిపెట్టిన గుర్తు ఆమెకి నచ్చక. చాలా రోజుల తరవాత పోట్లాట.

దుకాణానికి వెళ్ళి యజమానికి ఉన్నదున్నట్టు చెప్పింది. చలి గదిలో ఇంక చెయ్యలేనని, కౌంటరులో పెట్టినా తన ముఖం ఇంతేనని, అది కోపం కాదని చెప్పింది. ఆ కుర్రవాడు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, పొయ్యి పక్కన వెచ్చగా ఉన్న బల్ల మీదికి ఫోను మార్పించాడు. ఫోనులో వచ్చే ఆర్డర్లు ఇకనుంచి ఆమెవి.

రెండో రోజుకల్లా జనం రాతక్కకే ఫోనివ్వమని అడగడం మొదలుపెట్టారు. పెళ్ళాం పేరు ఒత్తులతో సహా చెప్పలేక తడబడే మొగుళ్ళని ఆమె ఆటపట్టించేది. గొంతు బిగుసుకోలేదు. నవ్వంతా అందులోంచే పోయేది. ఆ మాటలు వింటూ పొయ్యి బాబాయి ఒకసారి రొట్టెలు మాడ్చాడు.

సాయంత్రం తీసుకెళ్ళడానికి వచ్చిన భర్త, గాజు తలుపు అవతల నిలబడి ఇదంతా చూశాడు. చెవి దగ్గర ఫోను, కదలని ముఖం, చుట్టూ నవ్వుతున్న మనుషులు. దారిలో అడిగాడు, నువ్వు నవ్వుతున్నావని వాళ్ళకెలా తెలిసింది అని. అరచెయ్యి వెల్లకిలా తిప్పి మరీ అడిగాడు.

"గొంతులో" అని చూపించింది.

అతను కొంతదూరం నడిచాడు.

"ఎవరెవరికో తెలుస్తుంది" అన్నాడు. "నాకు?"

ఆమె చేతికున్న ఉన్ని తొడుగులు తియ్యబోయి, మళ్ళీ మణికట్టుదాకా లాక్కుంది. ఆ మాట ఇంట్లోకి కూడా వాళ్ళ వెనకే వచ్చింది. అన్నం దగ్గరా ఉంది, దీపం ఆర్పాకా ఉంది.

ఆదివారం పొద్దున అద్దం ముందు నోటి వ్యాయామం చేస్తోంది. డాక్టరమ్మ నేర్పించింది. బొటనవేళ్ళతో నోటి రెండు మూలలూ పక్కలకి లాగాలి, బుగ్గలు పూరించాలి, పెదవులు ముందుకు చాపాలి. చర్మం సాగనంటుంది. కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. అతను గడ్డం గీసుకోవడానికి వచ్చి, పక్కనే నిలబడి, తోడుగా తానూ మొదలుపెట్టాడు. సగం గడ్డానికి నురగ ఉంది. బొటనవేళ్ళు నోట్లో పెట్టి శ్రద్ధగా, పరీక్ష రాస్తున్నవాడిలా లాగాడు. నురగ వేళ్ళమ్మట నోట్లోకి జారింది. సబ్బు రుచి నాలికకి తగిలేసరికి అతని ముఖం పడ్డ పాట్లు అన్నీఇన్నీ కావు. అయినా చేతులు తియ్యలేదు. వ్యాయామం మధ్యలో ఆపకూడదనుకున్నట్టున్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. మొదట సన్నగా, తరవాత ఆగకుండా. అద్దంలో ఇద్దరున్నారు. ఒకడు నురగ ఉమ్ముతున్నాడు, పక్కన ఒకావిడ గంటు ముఖంతో నిలబడి ఉంది. ఆ ఆవిణ్ణి చూస్తే నవ్వు ఇంకా ఎక్కువైంది. ఊపిరి అందలేదు. తడుముకుని అతని తడి చెయ్యి పట్టుకుని, లాక్కొచ్చి, మెడ కింద ఎముక మీద ఆనించుకుంది.

అతను ఊపిరి పీల్చుకోవడానికి ఇబ్బంది పడుతోందనుకున్నాడు. కంగారుగా ముఖంలోకి చూశాడు. తరవాత ముఖం చూడడం మానేశాడు. కళ్ళు మూసుకుని, గాజు పలక మీద గరుకుందేమో తడిమి చూసుకునేటప్పటిలా, అరచెయ్యి మొత్తం అక్కడ పరిచాడు. లోపల ఏదో తెరలు తెరలుగా వచ్చి అతని చేతికి కొట్టుకుంటోంది. ఆగినట్టే ఆగి మళ్ళీ వస్తోంది.

అది తగ్గింది. చిన్నచిన్నగా అయి, ఆగిపోయింది. కొళాయిలోంచి నీళ్ళు పడుతున్నాయి, అతని గడ్డం మీద నురగ ఆరిపోతోంది. ఆమె కళ్ళు తుడుచుకుని, ఇంక అయిపోయిందన్నట్టు అతని మణికట్టు తట్టింది.

అతను చెయ్యి తియ్యలేదు.